ఎనభై దాటితే వణుకు

నవంబరు 4, మంగళవారం

ఆయన మస్కట్ నుంచి ఫోన్ చేశాడు. వచ్చే నెల వస్తున్నాడట. సెలవు మీద కాదు, పూర్తిగా. "ఇగ మళ్ల పోను కోమలా. సామాను సుత కట్టుడు మొదలువెట్టిన" అన్నాడు. చేతిలో ఉన్న జాకెట్టు చెయ్యిని తిరగేసి కుట్టేశాను. రేపు విప్పాలి.

కాసేపటికి తేరుకుని, "శంషాబాదుకు నేనే వస్త నిన్ను తీస్కరానికి" అన్నాను.

"ఎవలతోని వస్తవ్?"

"ఎవలతోని ఏంది? మన కార్ల."

"అదే, నడిపేదెవలు?"

"నేనే."

నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. నవ్వనీ.

పెళ్లయిన రెండో ఏడే మస్కట్ పోయిన మనిషి. అప్పట్నుంచి అక్కడ ఒక ఇంట్లో డ్రైవరు. వాళ్ల పిల్లల్ని బడికి, వాళ్ల అమ్మను దవాఖానకు, వాళ్ల సామాను అంగడి నుంచి ఇంటికి. ఇన్నేండ్లూ అందర్నీ కూర్చోబెట్టుకుని నడిపిన మనిషిని ఒక్కసారి పక్క సీట్లో కూర్చోబెట్టి నేను నడపాలి. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటిదాకా. నాకున్న కోరిక ఇదొక్కటే, ఎవరికీ చెప్పుకునేది కూడా కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కారు దసరాకు కొన్నది, పాతది, భైంసాలో ఒక పత్తి వ్యాపారిది. ఆయన వచ్చాక కిరాయికి తిప్పుకోవడానికి. తమ్ముడు అరుణ్ పోయి తెచ్చాడు, నూరు మీద వచ్చినా కిక్కురుమనలేదన్నాడు. నాకు అంతకు ముందే లైసెన్సు ఉంది. మా మంకమ్మతోట ఇంటి నుంచి బస్టాండు దాకా, ఆటోల మధ్య నుంచి సూదిలో దారం ఎక్కించినట్టు తీసుకుపోతాను.

ఒక్కటే చిక్కు. నిన్న మొదటిసారి ఊరి బయట అలుగునూరు దాటి హైవే ఎక్కాను. ఎనభై దాటగానే బండి వణికింది. డెబ్బైకి దించగానే ఏమీ ఎరగనట్టు ఊరుకుంది.

నాకు భయం లేదు. రాసిపెట్టుకుంటున్నాను.

నవంబరు 7, శుక్రవారం

మెకానిక్ హనుమండ్లు దగ్గరికి పోయాను. బానెట్ ఎత్తాడు, దించాడు, గల్లీలో ఒక చుట్టు తిప్పుకొచ్చాడు.

"ఏం లేదు మేడం. బండి మంచిగున్నది."

"గల్లీల కాదు, ఎనభై దాటినంకనే వణుకుతది."

"మీరు స్టీరింగు గట్టిగ పడుతున్నరు. చేతుల వణుకే బండిల కనవడ్తది."

ఇరవై ఏండ్ల నుంచి కత్తెర పట్టిన చేతులు నావి. పట్టుచీర మీద గీత గీయకుండా కోస్తాను. ఈయన నా చేతులు వణుకుతున్నాయంటాడా! నోటిదాకా వచ్చింది, మింగాను. "కొన్నప్పుడు మంచిగుండె గద, నడుమ ఏమన్న అయ్యిందా?" అని అడిగాడు. ఏమీ కాలేదు. ధర్మపురి పోయి నరసింహస్వామి దగ్గర పూజ చేయించుకొచ్చాం, అంతే. అప్పుడు కూడా అరుణే నడిపాడు, సందుల్లో మెల్లగా.

నవంబరు 9, ఆదివారం

వీడియో కాల్‌లో ఆయనే డాక్టరయ్యాడు.

"వణుకు చేతులకొస్తుందా, సీటుకొస్తుందా? స్టీరింగుల ఒస్తె ముంగటి చక్రాలు. సీట్ల ఒస్తె ఎనుకటివి. ఎనుక ఎవలనన్న కూసోవెట్టుకొని చూడు."

వెనక కూర్చోవడానికి ఇంట్లో ఉన్నది ఒక్కరే. మా అత్తమ్మ కిష్టవ్వ.

నేను స్టీరింగు పట్టిన నాటి నుంచి ఆమె మొఖం గంటు పెట్టుకునే ఉంది. "ఆడిది కారు నడుపుడేంది" అని నాతో అనదు, ఎదురింటి సరోజనతో అంటుంది, నాకు వినపడేటట్టు. రాదనుకున్నాను. తీరా చూస్తే నాకంటే ముందే చీర మార్చుకుని, ఇత్తడి చెంబు నిండా నీళ్లు పట్టుకుని వెనక సీట్లో కూర్చుంది.

"చెంబెందుకు అత్తమ్మా? బాటిల్ ఉన్నది గద."

"ప్లాస్టిక్ నీళ్లు నాకు దిగవు. నడువు."

అలుగునూరు వంతెన దాటాం. అరవై, డెబ్బై, ఎనభై. స్టీరింగు నా చేతుల్లో నిమ్మళంగా ఉంది. వెనక నుంచి మాత్రం, "ఓ కోమలా! చెంబు ఆడుతున్నదే!" అని కేక. ఒడిలో పెట్టుకున్న చెంబులో నీళ్లు ఎగిరెగిరి ఆమె కొంగు తడుస్తోందట. ఎడమవైపు జరిగి కూర్చోమన్నాను. అక్కడ తక్కువ. కుడివైపు జరగమన్నాను. అక్కడ ఎక్కువ.

"నా మోకాళ్ల లెక్కనే ఉన్నది గీ బండి, కుడిదే ఎక్కువ గుంజుతది" అంది.

నేను నవ్వాను. ఆమె కూడా నవ్వబోయి, ఎవరితో నవ్వుతోందో గుర్తొచ్చి ఆపుకుంది.

మొత్తానికి తేలింది. వెనక కుడి చక్రం. ఇంటికొచ్చాక అత్తమ్మ తన లెక్క తాను తేల్చింది. "చక్రం గాదు, పాడు గాదు. దిష్టి. సరోజన కండ్లు మంచియి గావు."

నవంబరు 10, సోమవారం

విజయేందర్ టైర్ల షాపు. చక్రాలన్నీ విప్పి ఒక్కొక్కటి మిషను మీద తిప్పాడు. ఎటు బరువు ఎక్కువైతే దానికి ఎదురుగా చిన్న సీసం ముక్క కొట్టి సరిచేస్తారట. వెనక కుడి చక్రం ముందే సరిగ్గా ఉందంది మిషను. అయినా రెండుసార్లు తిప్పించాను. సున్నా, సున్నా.

"ఇగ ఫికర్ వద్దు మేడం. నూరు మీద కొట్టుండ్రి."

చక్రాల మీది ప్లాస్టిక్ మూతలు తుడిచి బిగించి మరీ ఇచ్చాడు. నీటుగా చేస్తాడు పని.

నవంబరు 11

వణికింది.

నవంబరు 13, గురువారం

మళ్లీ విజయేందర్. పాపం, అతనికీ పట్టుదల వచ్చింది. ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకు మార్చాడు. మూతలు మాత్రం ఏ మూలవి ఆ మూలకే పెట్టాడు, పద్ధతి గల మనిషి. చక్రం తప్పయితే ఇప్పుడు వణుకు ముందుకు రావాలి.

రాలేదు. వెనక కుడి పక్కనే ఉంది. అత్తమ్మ చెంబే సాక్షి.

"అట్లయితె చక్రంల లేదు మేడం. లోపట బేరింగన్న కావాలె, ఇరుసన్న కావాలె. సామాను హైదరాబాదు నుంచి రావాలె. ఎప్పుడొస్తదో చెప్పరాదు" అన్నాడు.

ఇంటికొచ్చి పడుకున్నాను. అన్నం తినలేదని అత్తమ్మ రెండుసార్లు తొంగి చూసింది. సంతోషంగానే ఉండి ఉంటుంది, కోడలి కారు మూలకు పడ్డదని.

నవంబరు 20, గురువారం, అమావాస్య

పొద్దున్నే అత్తమ్మ బకెట్టు, పాత గుడ్డ పట్టుకుని కారు కడిగింది. నేను అడగలేదు. గుమ్మడికాయ తిప్పి కొట్టింది, నిమ్మకాయలు తొక్కించింది. సరోజన వాకిట్లోంచి చూస్తుంటే ఇంకో నిమ్మకాయ ఎక్కువ కోసింది.

నవంబరు 21, శుక్రవారం

ఇప్పుడు డెబ్బైకే మొదలవుతోంది. చెంబులో సగం నీళ్లు సీటు మీద. "దిష్టి ముదిరింది బిడ్డా" అంటూ అత్తమ్మ చెంపలు వేసుకుంది.

ఫోన్‌లో ఆయనతో మాటామాటా పెరిగింది.

"టాక్సి మాట్లాడు కోమలా. నడిమిట్ల చక్రం ఊడితె ఎవలను అడగాలె? జిద్దు చెయ్యకు."

"టాక్సిల కూసుంటె పండుకుంటవా ఏంది?"

"నేనెక్కడ పండుకుంట? పక్క సీట్ల కూసుంటె నాకు నిద్ర పట్టది. ఎవలు నడిపినా నా కుడికాలు బ్రేకు తొక్కుతనే ఉంటది. డ్రైవరు బతుకు గంతే."

ఫోన్ పెట్టేశాక ఏడ్చాను. కారు గురించి కాదు. ఇన్నేండ్లలో ఆ మనిషి బండిలో ఒక్క కునుకు తీయలేదా అని.

టాక్సీకి నేను ఒప్పుకోలేదు.

నవంబరు 30, ఆదివారం

ఈ రోజు నా రోజు!

అత్తమ్మ సరోజనతో కలిసి ఎవరింటికో నోముకు పోయింది (కళ్లు మంచివి కావు, తోడుకు మాత్రం పనికొస్తాయి). ఒక్కదాన్నే హైవే ఎక్కాను. తిమ్మాపూర్ దగ్గర వెనక కుడి చక్రం పంక్చర్. దరిద్రం వెనకే దరిద్రం అనుకుంటూ పంక్చర్ దుకాణం దాకా ఈడ్చుకుపోయాను. దుకాణం ఆయన చక్రం విప్పి అతుకు వేసి బిగించాడు. "మూత పట్టు సరిగ్గ కూసుంటలేదమ్మా, ఇంటికాడ వెట్టుకోండ్రి" అని ప్లాస్టిక్ మూతను రెండు చేతులా పట్టుకుని డిక్కీలో బోర్లా పెట్టాడు, పెట్టాక చేతులు కళ్లకు అద్దుకున్నాడు. పని మీద అంత భక్తి ఉన్నవాళ్లను నేనీ మధ్య చూడలేదు.

తిరుగు దారిలో విసుగుతో ఎనభై కొట్టాను. ఏమీ లేదు. తొంభై. ఏమీ లేదు! తొంభై అయిదు! పాలమీద మీగడలా పోయింది బండి. అద్దాలు దించి గట్టిగా అరిచాను. పక్కన పోతున్న బస్సు డ్రైవరు భయపడ్డాడు.

హనుమండ్లు చెప్పిందే నిజమేమో. స్టీరింగు గట్టిగా పట్టానేమో ఇన్నాళ్లూ. ఇప్పుడు చెయ్యి కుదిరింది. నడపగా నడపగా వస్తుంది ఏదైనా.

ఆయనకు ఫోన్ చేసి, "టాక్సి లేదు, గీక్సి లేదు" అన్నాను.

డిసెంబరు 1, సోమవారం

ఊపిరి సలపని పని, అన్నీ పెళ్లి జాకెట్లు. కిటికీలోంచి చూస్తే అత్తమ్మ డిక్కీలోంచి మూత తీసి చక్రానికి పెడుతోంది. "బోడిగ ఉన్నది, మంచిగ లేదు" అంటూ అరచేత్తో గుద్ది గుద్ది బిగించింది. కారంటే ఈమెకు కాస్త మమకారం పుట్టినట్టుంది. మంచిదే.

డిసెంబరు 3, బుధవారం

వణికింది. ఎప్పటిలాగే. ఎప్పటికంటే ఎక్కువే.

చెయ్యీ లేదు, కుదరడమూ లేదు.

డిసెంబరు 8

టాక్సీ మాట్లాడాను. ఆయనకు చెప్పాను. "మంచిగైంది" అన్నాడు. కొంచెం మెల్లగా అన్నాడు.

నాకు బాధ లేదు.

డిసెంబరు 11, గురువారం

బాధ ఉంది. పొద్దున్నుంచి కుట్టింది కుట్టినట్టు విప్పుతున్నాను.

డిసెంబరు 14, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

మధ్యాహ్నం కుట్టుమిషను దారం తెంపుతోంది. మిషను మొండికేస్తే నేను చేసేది ఒకటే. చివరిసారి బాగా కుట్టినప్పుడు ఎట్లా ఉంది, తర్వాత నేను ఏం మార్చాను అని చూస్తాను. మార్చింది సూది. పాత సూది పెట్టాను. ఆడింది.

కుడుతూ కుడుతూ కాలు ఆగిపోయింది. కారు బాగా నడిచిన రోజు ఏముంది, తర్వాత ఏం మారింది? పంక్చర్ అతుకు ఆ రోజూ ఉంది, తర్వాతా ఉంది. రోడ్డు అదే. నేను నేనే. ఆ రోజు మూత డిక్కీలో ఉంది. మర్నాడు చక్రానికి ఎక్కింది.

మూత! ప్లాస్టిక్ మూత! గుప్పెడు బరువు కూడా ఉండదు కదా అనుకుంటూనే పరుగెత్తాను. పెద్ద కత్తెర సందులో పెట్టి లేపాను (కత్తెర పాడైపోనీ). ఊడి చేతిలో పడింది. బరువుగా పడింది.

తిరగేశాను. లోపల అంచుకు నల్లదారంతో, ఎర్ర గుడ్డ మూట. చప్పుడు రాకుండా ఎంత బిగించి కట్టి ఉందంటే, నేను కూడా అంత బాగా కాజా కుట్టలేను. విప్పితే పటిక ముక్క, ఎండు మిరపకాయలు, గవ్వ, ఎద్దు కాలికి కొట్టే ఇనుప లాడాలు రెండు. ఒకటి తుప్పు రాలిపోయి పాతది, ఇంకొకటి కొత్తగా తుడిచి పెట్టినది.

చక్రానికి సీసం ముక్కంత తేడా ఉన్నా బండి వణుకుతుందని విజయేందర్ చెప్పాడు. ఇక్కడ ఎద్దుల జతకు సరిపడా ఇనుము వేలాడుతోంది!

వెంటనే అతనికి ఫోన్ చేశాను.

"ఆ మూట నేను చూసిన మేడం, రెండుసార్లు" అన్నాడు తాపీగా. "మిషనెక్కిచ్చే ముందు మూత పక్కకు పెట్టినం, అయిపోయినంక మల్ల ఏ జాగది ఆ జాగల్నే పెట్టినం."

"చూసి చెప్పకపోతివి?"

"దిష్టి మూట గద మేడం! ఎవలి బండికి లేదు? ఒకలు కట్టింది ఇంకొకలు ముట్టుతరా? ఏమన్నయితె మా మీదికొస్తది."

పంక్చర్ ఆయన భక్తి కూడా ఇప్పుడర్థమైంది. చూసిన ప్రతివాడూ దండం పెట్టాడు. ఒక్కడూ నోరు తెరవలేదు.

మూట పట్టుకుని లోపలికి పోయాను. అత్తమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. మూట చూసి చెయ్యి ఆపింది.

నేను ఆగలేకపోయాను. "నేను కారు నడుపుడు నీకు ఇష్టం లేదంటె మొఖం మీద చెప్పు అత్తమ్మా! గిట్ల చాటుకు చేసుడెందుకు? పరేషాన్ అయి సచ్చిన నెలరోజుల సంది!"

ఆమె నన్ను అట్లాగే చూసింది. తర్వాత కోపంగా, నిజంగా కోపంగా అంది: "నడుపద్దనుకుంటె తాళంచెయ్యి దాస్తుంటి. మూటెందుకు కడుత?"

మూట ఆమె ముందు పెట్టాను.

"గా పాత లాడం మీ మామ ఎడ్లది" అంది, చిక్కుడుకాయల వైపు చూస్తూ. "గా ఎడ్లు మీ మామను ఎన్నడు పడగొట్టలె. కల్లు తాగి బండిల పండుకున్న సుత ఇంటికి తెచ్చి వాకిట్ల నిలవడ్డయి. ధర్మపురి పూజకాడ అయ్యగారు కారుకు మొత్తం బొట్లు వెట్టె. చక్రంల లోపటికి ఎవలు చూసిండ్రు? నడిచేది చక్రం. అందుకే గా లాడం కట్టిన."

"రెండోది?"

"వణుకుతుందంటివి. దిష్టి బలంగున్నదనుకొని అమాసనాడు రెండోది ఏసిన."

కింద కూర్చుండిపోయాను. నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో, రెండూ ఒకేసారి వచ్చాయి. అత్తమ్మ భయపడి చెంబెడు నీళ్లు తెచ్చింది. ఆమె అంతా చెప్పాక బరువు సంగతి విడమరిచి చెప్పాను. నమ్మలేదు. హైవే మీదికి తీసుకుపోయాను, మూట ఇంట్లో పెట్టి. తొంభై. చెంబు ఆమె ఒడిలో కదల్లేదు. నీళ్లలోకి చూస్తూ కూర్చుంది చాలాసేపు.

"చక్రంల వద్దంటవ్" అంది చివరికి.

"వద్దు."

"బండిల మాత్రం ఉండాలె."

"ఉండని."

"నా ఒళ్ళె పెట్టుకుంట మరి."

ఈమె గురించి ఈ పుస్తకంలో ముందు రాసిన మాటలు కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయలేదు. ఉండనీ, మళ్లీ చదివి సిగ్గుపడాలి.

టాక్సీ వద్దని చెప్పేశాను.

డిసెంబరు 19, శుక్రవారం, అమావాస్య

గుమ్మడికాయ కొట్టింది. చక్రాల దగ్గరికి పోలేదు. నేను కాపలా ఉన్నాను.

డిసెంబరు 21, ఆదివారం

వచ్చాడు.

బక్కగా అయ్యాడు. వాళ్లమ్మ కాళ్లు మొక్కాడు, లేచి నన్ను చూసి నవ్వాడు, ఫోన్‌లో నవ్వినట్టు కాదు. సామాను డిక్కీలో సర్దాం. అలవాటు కొద్దీ తిన్నగా డ్రైవరు తలుపు దగ్గరికి పోయి తాళం కోసం నాకు చెయ్యి చాపాడు.

"లక్ష్మణ్!" అంది అత్తమ్మ వెనక సీట్లోంచి. "గది నీ జాగ గాదు. అటు దిక్కు పో."

పోయాడు. బెల్టు పెట్టుకున్నాడు. నాకు భయం ఉంది, ఈసారి నిజమే రాస్తున్నాను.

అవుటర్ రింగు రోడ్డు మీద పోతున్నంతసేపు ఆయన కుడికాలు ఉత్త రబ్బరు మ్యాట్‌ను తొక్కుతూనే ఉంది. లారీ కనపడితే తొక్కాడు. బ్రిడ్జి వస్తే తొక్కాడు. శామీర్‌పేట దాటాక, "ఏదీ, ఎనభై కొట్టు చూస్త" అని డ్యాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించాడు, జ్వరం చూసినట్టు. ఎనభై కొట్టాను. చెయ్యి తీయలేదు. తొంభై కొట్టాను. ఇంకా నమ్మకం కుదరలేదు, చెయ్యి అక్కడే ఉంచి, అక్కడి ఎండల గురించి, వాళ్ల పిల్లలు ఏడ్చిన సంగతి గురించి చెబుతూ కూర్చున్నాడు.

సిద్దిపేట దగ్గరికి వచ్చేసరికి మాట ఆగిపోయింది. ఏమైందని చూశాను. డ్యాష్‌బోర్డు మీది చెయ్యి జారి ఒడిలో పడి ఉంది. తల అద్దానికి ఆనింది. కుడికాలు కదలడం లేదు. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లాడిలా.

ముందు అద్దంలో అత్తమ్మను చూశాను. ఒక చేతిలో చెంబు, ఒళ్ళో ఎర్ర మూట. కొడుకును చూస్తోంది.

"పండుకున్నడు" అంది, గుసగుసగా.

నాకు రోడ్డు మసకైంది. డెబ్బైకి దించి, కళ్లు తుడుచుకుని, మళ్లీ తొంభైకి ఎక్కించాను. ఇంటిదాకా లేపలేదు.

డిసెంబరు 22, సోమవారం

పొద్దున్నే కారు తాళం అడిగాడు.

"ఎక్కడికి పోవాల్నో చెప్పు, దింపుత" అన్నాను.